ఎర్రదీపం వెలిగిన గది
రేడియో స్టూడియోలో ప్రత్యక్ష సంగీతం కథ

ఖరగ్‌పూర్ రైల్వేస్టేషన్‌లో ఒక ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ దాన్ని దాటేవరకు ప్రపంచంలో అంతకంటే పొడవైన రైల్వే ప్లాట్‌ఫారం లేదని జనరల్ నాలెడ్జి పుస్తకాలన్నీ చెప్పేవి. ఈ ప్లాట్‌ఫారంతో ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక చివర ఒక గాయకుడు నిలబడి గొంతెత్తి పాడుతున్నాడనుకోండి. రెండో చివర ఉన్న మనిషికి ఆ పాట, అసలంటూ వినిపిస్తే, ఎంతసేపటికి వినిపిస్తుంది? గాలిలో శబ్దవేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. కాబట్టి 3 సెకన్లు దాటిన తరువాతనే.

ఇప్పుడు అదే గాయకుణ్ణి 110 కిలోమీటర్ల దూరంలో ఉన్న కలకత్తాలో, ఒక రేడియో స్టూడియోలో కూర్చోబెడదాం. కాలం 1950 ప్రాంతం. నోటికీ మైకుకీ మధ్య అర మీటరు దూరం: ధ్వని దాన్ని దాటడానికి ఒకటిన్నర మిల్లీసెకను. అక్కడినుంచి రేడియో తరంగం ఖరగ్‌పూర్ చేరడానికి 0.37 మిల్లీసెకను. ఇంట్లో రేడియోకి 2 మీటర్ల దూరంలో కూర్చున్న శ్రోత చెవికి చేరడానికి మరో 6 మిల్లీసెకన్లు. మొత్తం 8 లోపే. మరి అదే స్టూడియోలో గాయకుడికి 10 మీటర్ల దూరాన గోడవారగా నిలబడ్డ మనిషికో? 29 మిల్లీసెకన్లు! అంటే రైల్వే క్వార్టర్లో కూర్చున్న ఫిట్టరుగారు ఆ పాటను స్టూడియోలో ఉన్నవాడికంటే ముందే విన్నారన్నమాట.

ఇంగ్లీషులో 'లైవ్' అనే మాటను మనం 'ప్రత్యక్ష ప్రసారం' అని అనువదించుకున్నాం. ప్రత్యక్షం అంటే కంటి ఎదుట ఉన్నది. కన్నుతో ఏ సంబంధమూ లేని రేడియోకి ఈ మాట ఎలా అతికిందా అని అనువాదకుడిగా నాకు చాలాకాలం అనుమానం ఉండేది. పై లెక్క వేసుకున్నాక ఆ అనుమానం కొంత తగ్గింది.

రైలుపట్టాల వెంట

ఖరగ్‌పూర్ పుట్టుకే రైలుతో. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే అక్కడ జంక్షనూ, పెద్ద వర్క్‌షాపూ కట్టింది. కలకత్తానుంచి సముద్రతీరం వెంట కటక్, బరంపురం, విజయనగరం మీదుగా వాల్తేరు వైపు వచ్చే మార్గం ఈ ఊరినుంచే దక్షిణానికి తిరుగుతుంది. ఆ మార్గం వెంటే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు పనికోసం వెళ్ళి, అక్కడే స్థిరపడ్డారు. తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ఈ రైల్వే కార్మికుల సంఘానికి నాయకత్వం వహించినవారే. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు సమ్మెలతో అట్టుడికింది.

అదే 1927లో, ఆగస్టు 26న, కలకత్తాలో రేడియో కేంద్రం మొదలైంది. ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ నడిపిన రెండు కేంద్రాలలో ఇది రెండోది. మొదటిది అంతకు నెల ముందు బొంబాయిలో తెరుచుకుంది. దాని ట్రాన్స్‌మిటర్ శక్తి 1.5 కిలోవాట్లు మాత్రమే. నమ్మకంగా వినిపించే దూరం 48 కిలోమీటర్లు. కాబట్టి ఖరగ్‌పూర్ శ్రోతకి పగటిపూట ఈ కేంద్రం అందని పండే. కంపెనీ కూడా ఎక్కువకాలం నిలవలేదు. 1930లో దివాలా తీస్తే ప్రభుత్వం తీసుకుంది. 1936లో ఆ వ్యవస్థకు ఆలిండియా రేడియో అని పేరు పెట్టారు. 1938లో కలకత్తాలో 10 కిలోవాట్ల షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ వచ్చాకనే దూరపు ఊళ్ళకు కలకత్తా స్టూడియో దగ్గరైంది.

ఇక్కడ రాత్రికీ పగటికీ ఒక తేడా ఉంది. భూమికి 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో అయనోస్ఫియర్‌లో 'డి' పొర ఉంటుంది. పగలు సూర్యకిరణాల వల్ల అయనీకరణం చెంది, మీడియంవేవ్ తరంగాలను పీల్చేసుకుంటుంది. పొద్దుగూకగానే ఈ పొర దాదాపు మాయమవుతుంది. అప్పుడు తరంగాలు ఇంకా పైనున్న పొరలదాకా వెళ్ళి, అక్కడ వంగి, వందల కిలోమీటర్ల అవతల నేలకు దిగుతాయి. ఖరగ్‌పూర్‌కు విశాఖపట్నం సుమారు 670 కిలోమీటర్లు, విజయవాడ 950. పగలు ఎంత తిప్పినా పలకని విజయవాడ కేంద్రం (1948లో ప్రారంభం), విశాఖ కేంద్రం (1963) రాత్రి భోజనాల వేళకు గరగరమంటూ, తేలుతూ మునుగుతూ పలకడానికి కారణం ఇదే. పగలు బెంగాలీ కీర్తన, రాత్రి తెలుగు లలితగీతం. ఈ రెండు సంగీతాల మధ్య సరిహద్దును ఆ ఊళ్ళో సూర్యుడు గీసేవాడు!

ఒకే మైకు, పదిమంది కళాకారులు

కలకత్తా కేంద్రం తొలి చిరునామా 1, గార్‌స్టిన్ ప్లేస్. 1958లో ఈడెన్ గార్డెన్స్ దగ్గరి కొత్త భవనానికి మారేవరకు మూడు దశాబ్దాలు అక్కడే నడిచింది. ఆ రోజుల్లో రేడియోలో పాట అంటే దాదాపుగా స్టూడియోలో అప్పటికప్పుడు పాడేదే. ఇది ఆదర్శం కాదు, అవసరం. ధ్వనిని నిల్వచేయగల సాధనం గ్రామఫోన్ రికార్డు ఒక్కటే. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ పళ్ళెంలో ఒక వైపు పట్టేది 3 నిమిషాల చిల్లర. 1902లో గౌహర్‌జాన్ కలకత్తాలో రికార్డు ఇచ్చినప్పటినుంచి మన విద్వాంసులు రాగాన్ని ఆ మూడు నిమిషాలలోకి కుదించడం నేర్చుకున్నారు. రేడియో వారికి మళ్ళీ అరగంటో గంటో ఇచ్చింది. ఆలాపనకు పోయిన ఊపిరి తిరిగివచ్చింది. కాకపోతే ఒక షరతు: తప్పు పాడితే చెరపడానికి వీల్లేదు.

స్టూడియో తలుపు పైన ఎర్రదీపం వెలిగిందంటే దగ్గు, కాగితం చప్పుడు, గాజుల గలగల కూడా ప్రసారమైపోతాయి. కానీ కళాకారులకు అంతకంటే పెద్ద సమస్య తూకం. గాయకుడు, తంబూరా, ఫిడేలు, తబలా లేదా మృదంగం... ఇవన్నీ ఒకే మైకులోకి సరిపాళ్ళలో వెళ్ళాలి. ఇప్పటిలాగా ఒక్కో వాద్యానికి ఒక్కో మైకు పెట్టి, తరువాత మీటలు తిప్పి సరిచేసే సదుపాయం లేదు. ఉన్న మీట ఒకటే: దూరం.

విద్యార్థులకు విలోమవర్గ నియమం తెలిసిందే. ధ్వని జనకం నుంచి దూరం రెట్టింపయితే తీవ్రత నాలుగోవంతు అవుతుంది. డెసిబెల్‌లలో చెబితే 6 తగ్గుతుంది. గాయకుడు మైకుకు 30 సెంటీమీటర్ల దూరంలోనూ, తబలా 120 సెంటీమీటర్ల దూరంలోనూ ఉంటే, దూరం నాలుగు రెట్లు కాబట్టి తబలా తీవ్రత పదహారో వంతుకు, అంటే 12 డెసిబెల్‌లు తగ్గుతుంది. అందుకే పాతకాలపు స్టూడియోలో వాద్యకారుల కూర్పు కచేరీ వేదికలా ఉండదు. వేదిక మీద గాయకుడు మధ్యలో కూర్చుంటే, స్టూడియోలో మైకు మధ్యలో కూర్చుంటుంది.

1930లలో వచ్చిన రిబ్బన్ మైకు ఈ కూర్పుకు మరో సౌలభ్యం తెచ్చింది. అయస్కాంత ధ్రువాల మధ్య వేలాడే పలుచని లోహపు రిబ్బను గాలి కదలికకు ఊగి విద్యుత్తు పుట్టిస్తుంది. ముందునుంచి వచ్చే ధ్వనికీ వెనకనుంచి వచ్చే ధ్వనికీ అది సమానంగా స్పందిస్తుంది. పక్కలనుంచి వచ్చేది రెండు ముఖాలనూ ఒకేసారి తాకుతుంది కనుక రిబ్బను కదలదు. మైకు వినికిడి పటం గీస్తే 8 అంకెలా ఉంటుంది. గాయకుణ్ణి ముందు, ఫిడేలును వెనక కూర్చోబెట్టి, మరీ గట్టిగా మోగే వాద్యాన్ని మైకు 'చెవిటి' పక్కన పెట్టడం అప్పటి ఇంజనీర్ల నేర్పు.

గది సంగతి చెప్పకపోతే కథ సగమే. 1895లో హార్వర్డ్‌లో ఒక ఉపన్యాసశాలలో మాట వినబడక అందరూ తల పట్టుకుంటే, వాలెస్ సాబిన్ అనే యువ భౌతికశాస్త్రజ్ఞుడు రాత్రిళ్ళు పక్కనున్న థియేటర్ కుర్చీల మెత్తలు మోయించి, ఆ గదిలో పరిచి, ధ్వని ఎంతసేపు నిలుస్తుందో కొలిచాడు. దాన్నుంచి వచ్చిన సూత్రమే ఈనాటికీ స్టూడియో నిర్మాణానికి ఆధారం: ప్రతినాద కాలం గది ఘనపరిమాణానికి అనులోమంగా, మొత్తం శోషణకు విలోమంగా ఉంటుంది. మీటర్లలో స్థిరాంకం 0.161. 10 మీటర్ల పొడవు, 6 వెడల్పు, 4 ఎత్తు ఉన్న గదికి ఘనపరిమాణం 240 ఘనమీటర్లు. అందులో ప్రతినాద కాలం 0.6 సెకన్లు కావాలంటే సుమారు 64 చదరపు మీటర్ల పూర్తి శోషణ కావాలి. అంటే అంత వైశాల్యమున్న తెరిచిన కిటికీతో సమానమైన తివాచీలు, తెరలు, పలకలు.

తొలినాళ్ళలో ప్రపంచమంతటా స్టూడియోలను దట్టమైన తెరలతో కప్పేశారు. కానీ గుడ్డ హెచ్చు పౌనఃపున్యాలను మింగినంతగా తక్కువ పౌనఃపున్యాలను మింగదు. పర్యవసానం: తంబూరా జీవం పోతుంది, గది మాత్రం బొయ్యిమంటూనే ఉంటుంది. న్యూయార్క్‌లో 1937లో టోస్కనీని వాద్యబృందం ప్రసారాలు మొదలైన 8-హెచ్ స్టూడియో కూడా మరీ 'పొడిగా' ఉందని సంగీతజ్ఞులు ఫిర్యాదు చేసినవారే. లండన్‌లో బీబీసీ 1934లో ఒక పాత స్కేటింగ్ భవనాన్ని మైడావేల్ స్టూడియోలుగా మార్చుకుంది. బండచక్రాల బూట్లు తిరిగిన చోట సింఫనీలు!

బౌబజారులో ఒక తెలిసిన మనిషి

గార్‌స్టిన్ ప్లేస్ స్టూడియోలో తబలా మోగుతున్న తొలి సంవత్సరాలలోనే, అదే నగరంలో బౌబజారు వీధిలోని ప్రయోగశాలలో సి.వి. రామన్ పనిచేస్తున్నారు. విశాఖపట్నంలో చదువుకున్న రామన్ ఉద్యోగరీత్యా 1907లో కలకత్తా చేరారు. కాంతి పరిక్షేపణం మీద పేరు తెచ్చుకోకముందు ఆయనకు ప్రియమైన విషయం వాద్యాలే. 1920లో శివకాళీ కుమార్‌తో కలిసి 'నేచర్' పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. మామూలు డప్పు చర్మం మోగితే వచ్చే పౌనఃపున్యాలు ఒకదానికొకటి పూర్ణసంఖ్యల నిష్పత్తిలో ఉండవు. అందుకే డప్పుకు దరువు ఉంటుంది కానీ శ్రుతి ఉండదు. మృదంగం, తబలాల మధ్యనున్న నల్లని పూత చర్మం మధ్యభాగాన్ని బరువెక్కించి, ఆ పౌనఃపున్యాలను 1, 2, 3, 4, 5 నిష్పత్తిలోకి తెస్తుందని రామన్ చూపించారు. అంటే ఆ చర్మం తీగలాగా పలుకుతుంది. తంబూరా మీద కూడా ఆయన రాశారు: వంపు తిరిగిన మేరు మీద, దారం పోగు సాయంతో, తీగ అనుస్వరాల వరస మొత్తాన్ని మేల్కొలుపుతుంది.

ఈ రెండు సంగతులూ గుర్తుపెట్టుకోండి. స్టూడియోలో వెలువడిన అతి పెద్ద తగాదాకు ఇవి మూలం.

హార్మోనియం కేసు

హార్మోనియం పుట్టిల్లు పారిస్. 1842లో డెబైన్ దానికి పేటెంటు తీసుకున్నాడు. కాలితో తొక్కే ఆ పెట్టెను నేలమీద కూర్చుని చేత్తో తిత్తి ఊపేలా మార్చింది మాత్రం కలకత్తావాసి ద్వారకానాథ్ ఘోష్. 1875 ప్రాంతంలో వచ్చిన ఆ మార్పుతో అది దేశమంతా పాకింది. మన పద్యనాటకానికి అదే ఊపిరి అయింది. హార్మోనియం శ్రుతి పలకనిదే రాయబారం సీనుకు తెర లేవదు.

1930ల చివర ఆలిండియా రేడియోలో యూరోపియన్ సంగీత విభాగానికి అధిపతిగా జాన్ ఫౌల్డ్స్ అనే ఇంగ్లీషు స్వరకర్త ఉండేవారు. మాంచెస్టరులో పుట్టి, భార్య మాడ్ మెకార్తీ ద్వారా భారతీయ సంగీతంపై మమకారం పెంచుకుని 1935లో ఇక్కడికి వచ్చినవారు. హార్మోనియం భారతీయ సంగీతానికి హాని చేస్తుందని 1938లో రేడియో పత్రిక 'ఇండియన్ లిజనర్'లో వ్యాసం రాశారు. 1940 జనవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ కలకత్తా కేంద్రం డైరెక్టరు అశోక్ కుమార్ సేన్‌కు లేఖ రాశారు: మా ఆశ్రమంలో పక్కవాద్యంగా హార్మోనియాన్ని పూర్తిగా బహిష్కరించాం, మీ స్టూడియోలనుంచి కూడా తొలగిస్తే భారతీయ సంగీతానికి గొప్ప సేవ చేసినవారవుతారని దాని సారాంశం. 1940 మార్చి 1 నుంచి ఆలిండియా రేడియో స్టూడియోలలో హార్మోనియం నిషిద్ధం. అప్పటి అధిపతి లియొనెల్ ఫీల్డెన్.

నేరారోపణలో నిజమెంత? లెక్క చూద్దాం. గాయని షడ్జమం 240 హెర్ట్జ్ అనుకోండి. తంబూరా తీగనుంచి వచ్చే అయిదో అనుస్వరాన్ని అనుసరించి పాడే అంతర గాంధారం నిష్పత్తి 5:4. అంటే 300 హెర్ట్జ్. హార్మోనియం మెట్లు పియానో పద్ధతిలో అష్టకాన్ని 12 సమభాగాలు చేస్తాయి. ఒక్కో మెట్టు కిందిదానికి 1.0595 రెట్లు. షడ్జమం నుంచి నాలుగు మెట్లు ఎక్కితే 302.4 హెర్ట్జ్. గాయని 300 దగ్గర నిలిచి, హార్మోనియం 302.4 దగ్గర నిలిస్తే సెకనుకు రెండుమూడు విస్పందనాలు వినిపిస్తాయి. వాం... వాం... వాం అని స్వరం ఊగుతుంది. పంచమంలో ఈ తేడా అర హెర్ట్జ్ కూడా లేదు, ఎవరూ పట్టించుకోరు. గాంధారంలో మాత్రం దాక్కోదు.

రెండో అభియోగం ఇంకా బలమైనది. హార్మోనియం రీడు పౌనఃపున్యాన్ని దాని పొడవు, మందం, బిరుసు ముందే నిర్ణయించేస్తాయి. రెండు రీడుల మధ్య ఏమీ లేదు. తోడి గాంధారాన్ని ఊపాలంటే, ఫిడేలు మీద వేలు జారుతుంది, వీణ మీద తీగ లాగుతారు. హార్మోనియంలో మెట్టునుంచి మెట్టుకు గెంతడం తప్ప దారి లేదు. వేదిక మీద, జనం సందడిలో ఈ లోపం అంతగా తెలియదు. కానీ స్టూడియోలో? ప్రతినాదం తక్కువ, నిశ్శబ్దం ఎక్కువ, మైకు దగ్గర. లోపం భూతద్దంలో పెట్టినట్టు కనిపిస్తుంది. స్టూడియో అనే గది లేకపోతే ఈ కేసు ఇంత దూరం వచ్చేది కాదేమోనని నా అనుమానం.

అయితే ముద్దాయి తరఫున కూడా చెప్పుకోవలసింది ఉంది. రీడును గీకి శ్రుతి మార్చవచ్చు. ఒక గాయకుడి ఆధార షడ్జమానికి సరిపడేలా 5:4 గాంధారం పెట్టుకోవచ్చు. తంబూరా, సారంగి కొనలేని పల్లెటూరి భజన బృందానికి, వానాకాలం తేమలో తీగలు సడలిపోయే ఊళ్ళలో, శ్రుతి నిలిపే పెట్టె అదొక్కటే. ఠాగూర్, ఫౌల్డ్స్ రోగాన్ని సరిగ్గానే పట్టుకున్నారు. మందే మోతాదు మించింది. ఒక వాద్యం లోపాన్ని విద్వాంసులు చర్చించుకోవడం వేరు. దేశంలోని ప్రధాన ప్రసార సంస్థ తలుపు మూసెయ్యడం వేరు. ఆ వాద్యంతో పొట్టపోసుకునే పక్కవాద్యకారుడికి విస్పందనాల లెక్క చెబితే ఏం లాభం? మూడు దశాబ్దాల తరువాత, 1971లోగానీ ఆంక్షలు సడలలేదు.

తూర్పు, పడమర ఒకే గదిలో

ఫౌల్డ్స్ కేవలం నిషేధాల మనిషి కాదు. ఢిల్లీ కేంద్రంలో భారతీయ వాద్యకారులతో ఒక వాద్యబృందాన్ని తీర్చిదిద్ది, వారికి పాశ్చాత్య స్వరలిపి నేర్పి, వారి వాద్యాలకోసమే రచనలు చేశారు. స్వరలిపి చూసి వాయించడం అలవాటు లేనివారికి, రాగంలో స్వరం స్థానం నిలకడగా ఉండదని తెలిసినవారికి అది ఎంత కష్టమో ఊహించవచ్చు. 1939లో ఆయనను కలకత్తాకు బదిలీ చేశారు. వచ్చిన కొద్దిరోజులకే, ఏప్రిల్‌లో, కలరా సోకి మరణించారు. ప్రాచ్య పాశ్చాత్య సంగీతాలను కలిపి ఆయన రాసిన సింఫనీ రాతప్రతి ఈనాడు దొరకడం లేదు. ఆ ప్రసారాలు గాలిలో పుట్టి గాలిలోనే కలిశాయి. ప్రత్యక్ష ప్రసారం ఖరీదు ఇది.

బొంబాయి కేంద్రంలో అదే పని చేస్తున్న వాల్టర్ కౌఫ్‌మన్ కథ ఇంకొంచెం అదృష్టవంతమైనది. బొహీమియాలో పుట్టిన ఈ యూదు స్వరకర్త నాజీల భయంతో 1934లో భారతదేశం వచ్చి, 1937 నుంచి 1946 వరకు రేడియోలో పనిచేశారు. తంబూరా మీద ఫిడేలు తేలుతూ వచ్చే ఆకాశవాణి ప్రారంభ సంగీతం ఆయనదేనని చెబుతారు. పొద్దున్నే ఖరగ్‌పూర్‌లోనైనా కాకినాడలోనైనా రేడియో తిప్పిన ప్రతివారూ విన్నది ఒక శరణార్థి కూర్చిన స్వరాన్ని.

స్వాతంత్ర్యం తరువాత ఢిల్లీలో వాద్యవృంద ఏర్పడింది. రవిశంకర్ దానికి తొలి నిర్వాహకులలో ఒకరు. తరువాతి కాలంలో మన ద్రాక్షారామం వైణికుడు ఈమని శంకరశాస్త్రి దాన్ని నడిపారు. 1952 జూలైలో సంగీత జాతీయ కార్యక్రమం ప్రారంభమైంది. శనివారం రాత్రి ఢిల్లీ స్టూడియోలో పాడినదాన్ని ఇతర కేంద్రాలు షార్ట్‌వేవ్‌లో అందుకుని తిరిగి ప్రసారం చేసేవి. అయనోస్ఫియర్ సహకరించని రాత్రి పల్లవి మధ్యలో మాయమై చరణంలో తేలేది. అయినా, కర్ణాటక సంగీతం తప్ప ఎరగని ఇంటికి ఖయాల్‌నూ, బెంగాలీ ఇంటికి మృదంగాన్నీ తెచ్చింది ఈ కార్యక్రమమే. అదే 1952లో ప్రసారమంత్రి కేస్కర్ సినిమా పాటలను దాదాపు వెళ్ళగొట్టడం, శ్రోతలు గుంపులుగా రేడియో సిలోన్‌కు తరలిపోవడం, 1957లో వివిధభారతి పెట్టి వారిని వెనక్కి పిలవవలసిరావడం అందరికీ తెలిసిన కథ. స్టూడియో తలుపు దగ్గర కాపలా ఎక్కువైన ప్రతిసారీ శ్రోత కిటికీలోంచి వెళ్ళిపోయాడు.

మహాలయ తెల్లవారు

ఇన్ని ప్రత్యక్ష ప్రసారాలలో బెంగాల్ జనం గుండెకు హత్తుకున్నది ఒకటుంది. 1930ల ఆరంభంలో బాణీకుమార్ రచన, పంకజ్ మల్లిక్ సంగీతం, బీరేంద్రకృష్ణ భద్ర చండీపఠనంతో మొదలైన 'మహిషాసురమర్దిని'. మహాలయ అమావాస్య నాడు తెల్లవారుజామున 4 గంటలకు ప్రసారం. కళాకారులు అర్ధరాత్రి దాటగానే స్టూడియోకి చేరుకునేవారు. వాద్యబృందంలో ముస్లిం కళాకారులూ ఉండేవారు. దుర్గాస్తుతికి వారి తీగలే శ్రుతి. గంటన్నరపాటు పదులమంది గాయకులు, వాద్యకారులు, ఒక పఠకుడు. ఒక్క తప్పు కూడా వెనక్కి తీసుకోవడానికి లేదు. 

తెలుగువారికి మహాలయ అమావాస్య అంటే పెద్దలకు తర్పణాలు, స్వయంపాకం ఇచ్చే రోజు. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఒక గోడకు ఇటు తర్పణానికి నువ్వులు సిద్ధమవుతుంటే, అటునుంచి భద్ర కంఠం. వర్క్‌షాపు సైరన్‌కు ముందే ఊరంతా మేలుకునే తెల్లవారు అదొక్కటి.

ఈలోగా యంత్రం మారింది. 1935లో బెర్లిన్ ప్రదర్శనలో జర్మన్లు మాగ్నెటోఫోన్ చూపించారు. 1940లో హెచ్చు పౌనఃపున్యపు విద్యుత్తుతో టేపును ఉత్తేజపరిచే పద్ధతి కనిపెట్టాక, టేపుకూ ప్రత్యక్షానికీ తేడా చెవికి తెలియకుండా పోయింది. యుద్ధం తరువాత ఆ యంత్రం ప్రపంచమంతా వ్యాపించింది. తప్పును కోసి అతికించవచ్చు. తెల్లవారుజామున ఎవరూ లేవనక్కర్లేదు. మహిషాసురమర్దిని కూడా 1966 నుంచి రికార్డు రూపంలోనే వస్తోంది.

1976లో, ఎమర్జెన్సీ కాలంలో, పాత కార్యక్రమం స్థానంలో సినీనటుడు ఉత్తమ్ కుమార్ పఠనంతో కొత్తది ప్రసారం చేశారు. కలకత్తా కేంద్రం మీద జనాగ్రహం విరుచుకుపడింది. మళ్ళీ పాతదే తేవలసివచ్చింది. ఇందులో ఒక వింత చూడండి: జనం కోరుకున్నది ప్రత్యక్ష ప్రసారం కాదు, ఒక టేపు. కానీ ఆ టేపులో ఉన్నది, దాదాపు మూడున్నర దశాబ్దాలపాటు ప్రతి ఏడూ ఎర్రదీపం కింద ఒక్క ఊపిరిలో పాడి పాడి కుదిరిన పాట. దాన్ని కోసి అతికించి తయారుచేయలేం.

బ్రిటన్‌లో ఇంకో దారిలో ఇదే జరిగింది. రికార్డులు వేస్తే తమ ఉపాధి పోతుందని సంగీతకారుల సంఘం, రికార్డు కంపెనీలు కలిసి బీబీసీ ఎన్ని గంటలు రికార్డులు వేయవచ్చో పరిమితి పెట్టాయి. ఆ 'సూది కాలం' 1988 వరకు సాగింది. మిగిలిన సమయం నింపడానికి బీబీసీ బృందాలను స్టూడియోకి పిలిచి ఒక్కరోజులో నాలుగు పాటలు పాడించుకునేది. 1967 నుంచి జాన్ పీల్ నడిపిన ఆ కార్యక్రమాలలో కొత్త బృందాలెన్నో వెలుగులోకి వచ్చాయి. అక్కడ కార్మికసంఘం కట్టిన గోడ సంగీతానికి గొడుగైంది. మన దగ్గర పండితులు కట్టిన గోడ హార్మోనిస్టును వానలో నిలబెట్టింది.

ఇప్పుడు 2008లో పాకిస్తాన్‌లో మొదలైన కోక్ స్టూడియో వంటి కార్యక్రమాలు ఖవ్వాలీనీ గిటారునూ మళ్ళీ ఒకే గదిలో కలిపి పాడిస్తున్నాయి. అక్కడ మైకులు లెక్కలేనన్ని. ఒక్కో వాద్యానికి ఒక్కో దారి. దూరం అనే పాత మీట అవసరం తీరింది. కానీ మరో దూరం పుట్టింది. ధ్వనిని అంకెలుగా మార్చి, ముక్కలు చేసి, పొట్లాలు కట్టి పంపే పద్ధతిలో ప్రతి అంచెలో కొంత ఆలస్యం. కలిసి వాయించేవారి మధ్య 30 మిల్లీసెకన్లు దాటితే తాళం జారడం మొదలవుతుంది. ఇంటర్నెట్‌లో వినే రేడియోలో ఆలస్యం సెకన్లలోనే ఉంటుంది.

దీన్ని మీరే కొలవవచ్చు. స్థానిక కేంద్రం అందే చోట ఒక మామూలు రేడియో, దాని పక్కన అదే కేంద్రాన్ని ఇంటర్నెట్ ద్వారా వినిపించే ఫోను పెట్టండి. ఇప్పటి రేడియో ప్రసారంలో కూడా దారిలో కొంత అంకెల పని ఉండవచ్చు కాబట్టి మీరు కొలిచేది రెండింటి తేడా మాత్రమే. రేడియోలో ఒక మాట వినబడగానే స్టాప్‌వాచ్ నొక్కండి. ఫోనులో అదే మాట రాగానే ఆపండి. పదిసార్లు కొలిచి సగటు తీయండి. వచ్చిన సెకన్లను 343తో హెచ్చవేస్తే, ఆ ఆలస్యం గాలిలో ఎన్ని మీటర్ల దూరానికి సమానమో తెలుస్తుంది. దాన్ని 1072.5తో భాగిస్తే ఎన్ని ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారాలో వస్తుంది.